మా బాబుకి ఆయమ్మ భాషే వస్తోంది, మా భాష రావడం లేదు

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వాళ్ల బాబుకి రెండేళ్ల రెండు నెలలు. వాడికి ఏడో నెల నిండగానే ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరారు. అప్పటినుంచి పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా వాడిని చూసుకునేది ఆయమ్మే. భార్యాభర్తలిద్దరూ తెలుగువాళ్లు. ఆయమ్మది హిందీ. తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడమంటే నాలుగు ముక్కలు దాటవు. బాబు నీళ్లు కావాలంటే 'పానీ' అంటాడు, ఎత్తుకోమనడానికి 'గోదీ' అంటాడు. అమ్మ 'బంతి ఇటు వెయ్యి' అంటే, బంతిని చూపించి 'గేంద్' అని ఆమెనే సరిదిద్దుతాడట.

రెండు నెలల కిందట అత్తగారు వచ్చి వారం రోజులున్నారు. 'నా మనవడితో మాట్లాడటానికి నాకు దుబాసీ కావాల్సొచ్చిందా' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ మాట ఇద్దరికీ గుచ్చుకుంది. మర్నాడే ఆయమ్మను పిలిచి, ఇకమీదట బాబుతో హిందీ మాట్లాడొద్దని, వచ్చినంతలో తెలుగే మాట్లాడమని చెప్పారు. వీలైతే రెండు ఇంగ్లీషు ముక్కలు కూడా నేర్పమని, రేపు బడిలో పనికొస్తాయని భర్త అన్నారు. ఆయమ్మ చెప్పినట్టే చేసింది. 'కానీ బాబు ఎందుకో ఈమధ్య మాట్లాడటమే తగ్గించాడు. ఏది కావాలన్నా వేలితో చూపిస్తున్నాడు. నేను ఇంటికొచ్చేసరికి టీవీ నడుస్తూ ఉంటుంది' అని రాశారు.

ఉత్తరంలో అన్నిటికన్నా బాధగా రాసింది ఒక రాత్రి సంగతి. బాబు 'పానీ' అన్నాడు. 'నీళ్లు అను, ఇస్తాను' అంటూ ఆవిడ గ్లాసు పట్టుకుని కావాలనే ఊరుకున్నారు. వాడు గ్లాసు కేసి చూశాడు, ఆవిడ మొహం కేసి చూశాడు, తర్వాత ఏడుపు అందుకున్నాడు. ఏడుస్తూ ఆయమ్మను పిలిచాడు. 'వాడికి వచ్చిన తెలుగు మాటలు లెక్కపెడితే పద్దెనిమిది. రెండు మాటలు కలిపి ఒక్కటీ అనడు. రెండు భాషల వల్ల గందరగోళపడి మాట వెనకబడిందా? ఆయమ్మను మార్చాలా? నేనే ఉద్యోగం మానేయాలా? స్పీచ్ థెరపీకి తీసుకెళ్లాలా? కన్నతల్లి భాష వాడికి పరాయిదైపోయిందా?' ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఇది ఏ భాష అన్న సమస్యలాగే నాకూ అనిపించింది. రెండోసారి చదివేటప్పుడు, మధ్యలో మీరు ఒక్క ముక్కలో దాటేసిన మాట దగ్గర ఆగిపోయాను. ఆయమ్మ హిందీ మానేసింది, బాబు 'ఎందుకో' మాట్లాడటం తగ్గించాడు. ఆ 'ఎందుకో'కి జవాబు చాలావరకు దాని ముందే ఉందనుకుంటున్నాను.

ఒక్కసారి ఆ ఇంట్లో పగలంతా ఎలా గడుస్తుందో ఊహించండి. రెండు నెలల కిందటిదాకా ఒక మనిషి వాడితో రోజంతా కబుర్లు చెబుతూనే ఉండేది. బట్టలు మడతపెడుతూ, కిటికీలోంచి పిట్టను చూపిస్తూ, పడితే ఊరడిస్తూ, అల్లరి చేస్తే కసురుకుంటూ. అలా మాట్లాడకపోతే రెండేళ్లవాడికి 'గేంద్' అని అమ్మను సరిదిద్దేంత ధీమా ఎక్కడినుంచి వస్తుంది? ఇప్పుడు ఆవిడకు మీరు మిగిల్చిన తెలుగు ఎంత? 'రా', 'తిను', 'వద్దు', 'పడుకో'. అవి కబుర్లు కావు, ఆజ్ఞలు. వాటికి పిల్లవాడు తిరిగి చెప్పేది ఏమీ ఉండదు. తప్పు చేస్తానేమో అన్న భయంతో ఆవిడ నోరు కట్టేసుకుంది. ఆ ఖాళీలోకి టీవీ వచ్చింది. మీ బాబు మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా ఇలా గడుస్తోంది. మీరు ఆపాలనుకున్నది హిందీని, కానీ ఆగిపోయింది మాటలు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అత్తగారి కన్నీళ్లు చూసి ఎవరైనా అలాగే చేస్తారు.

పిల్లలకు భాష ఎలా అంటుతుందన్న దాని మీద ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం 2003లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఇంట్లో ఇంగ్లీషు తప్ప వినని 9 నెలల అమెరికన్ పసివాళ్ల దగ్గర, చైనా వాళ్ల మాండరిన్ మాట్లాడే మనుషులు కూర్చుని బొమ్మలతో ఆడించారు, పుస్తకాలు చూపించారు. ఒక్కోసారి ఓ 25 నిమిషాలు, మొత్తం 12 సార్లు. అంతే. ఆ పిల్లలు మాండరిన్‌లోని ధ్వనుల తేడాలు పట్టుకోగలిగారు. అదే మనుషుల్ని, అవే మాటల్ని టీవీ తెర మీద చూపించిన పిల్లలకు మాత్రం ఏమీ అంటలేదు, అసలు వినని పిల్లలతో సమానంగా ఉండిపోయారు. ఎదురుగా ఉన్న మనిషి పిల్లవాడి కళ్లలోకి చూస్తూ, వాడు ఊకొడితే ఆగుతూ మాట్లాడాలి. అలా మాట్లాడితే పరాయి భాష కూడా అంటుతుంది. తెర ముందు కూర్చోబెడితే సొంత భాష కూడా సరిగ్గా అంటదు. రెండేళ్ల పిల్లలకు తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, ఇంకా తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇంకొకటి. అడ్రియానా వైస్లీడర్, ఆన్ ఫెర్నాల్డ్ అనే ఇద్దరు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, 19 నెలల పిల్లల దగ్గర రోజంతా చిన్న రికార్డర్ పెట్టి చూశారు. ఒక ఇంట్లో పిల్లవాడితో నేరుగా అన్న మాటలు ఒక్క రోజులో 12 వేలకు పైన. ఇంకో ఇంట్లో 670. నేరుగా ఎక్కువ మాటలు విన్న పిల్లలకు రెండేళ్లు వచ్చేసరికి మాటలు ఎక్కువ వచ్చాయి. చుట్టూ పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నవి ఆ లెక్కకు అక్కరకు రాలేదు. కాబట్టి మీరూ మీవారూ రాత్రి పక్క గదిలో ఎంత చక్కటి తెలుగు మాట్లాడుకున్నా, వాడికేసి తిరిగి అన్నదే వాడిది.

ఇక మీ లెక్క గురించి. తెలుగు మాటలు పద్దెనిమిది అని రాశారు. మరి హిందీవి? 'ఓ నలభై ఉంటాయేమో' అని పక్కన చిన్నగా రాసి వదిలేశారు. ఎందుకు వదిలేశారమ్మా? అవి కూడా వాడు కష్టపడి నేర్చుకున్నవే. రెండు భాషలు వినే పిల్లల మాటలు ఎప్పుడైనా రెండూ కలిపే లెక్కపెట్టాలి. ఒక్క భాషే చూస్తే చాలామంది వెనకబడ్డట్టే కనిపిస్తారు. రెండూ కలిపితే ఒకే భాష వినే పిల్లలకు దాదాపు సమానంగా ఉంటారని 1990ల నుంచీ చేసిన అధ్యయనాలు చూపిస్తున్నాయి. రెండేళ్లకు ఓ యాభై మాటలు, రెండేసి మాటలు కలిపి చెప్పడం అన్నవి నిపుణులు చూసే గుర్తులు. మీవాడికి యాభై దాటినట్టే కదా. 'రెండు మాటలు కలిపి అనడు' అన్నారు, కానీ మీ ఉత్తరం మొదటి పేజీలోనే 'పానీ దో, పానీ దో అని వెంటపడేవాడు' అని ఉంది. 'పానీ దో' అంటే రెండు మాటలే. వాడు వాక్యం కట్టాడు. మీరు ఎదురుచూసిన భాషలో కట్టలేదు గనక అది మీ లెక్కకు రాలేదు.

రెండు భాషల వల్ల బుర్ర గందరగోళపడుతుందన్న భయం చాలా పాతది. దానికి ఆధారం దొరకలేదు. రేపు వాడు 'నీళ్లు దో' అంటాడు, చూడండి. అది గందరగోళం కాదు. రెండు పెట్టెల్లోంచీ చేతికి ఏది అందితే అది తీసి పని జరుపుకోవడం. పెరిగే కొద్దీ ఎవరితో ఏది మాట్లాడాలో వాళ్లకే తెలుస్తుంది. మీరు 'బంతి' అనేదీ ఆయమ్మ 'గేంద్' అనేదీ ఒకటేనని వాడికి అప్పుడే అర్థమైంది కూడా.

అయినా ఒక జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి. ఆయమ్మ మౌనమే కారణమన్నది ఉత్తరం చదివి నేను అనుకుంటున్న మాట. పిల్లలకు వచ్చిన మాటలు తగ్గడం అన్నది ఏ వయసులోనైనా పిల్లల డాక్టరు చెవిన వేయాల్సిన విషయమే. ముందు వినికిడి పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లలకు చెవిలో కర్ణభేరి వెనక నీరు చేరి, కొన్నాళ్లు మాటలు మందంగా వినిపిస్తాయి, పైకి ఏమీ తెలియదు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కళ్లలోకి చూస్తున్నాడా, వింతగా కనిపించింది మీకు కూడా చూపించాలని ఆరాటపడుతున్నాడా, ఏదో ఒక భాషలోనైనా చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, ఇవి గమనించండి. 'చెప్పులు తీసుకురా అంటే తెస్తాడు, వేలితో చూపిస్తాడు' అని మీరు రాసిన చోట నాకు కాస్త ధైర్యం కలిగింది. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు వెళ్తే వెళ్లండి, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ వాడు రెండు భాషలు వింటాడని మొదటే చెప్పండి, రెండింటిలోనూ చూడమనండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఆయమ్మను ఉంచుకుని, ఆవిడ భాష ఆవిడకు తిరిగి ఇచ్చేయడం ఒకటి. నా మొగ్గు ఇటే, దాచను. దీనివల్ల పిల్లవాడి మాటలు మళ్లీ కదులుతాయి. కానీ ఇంకో ఏడాదో ఏడాదిన్నరో హిందీదే పైచేయిగా ఉంటుంది, అత్తగారి చిన్నబోవడమూ కొన్నాళ్లు ఉంటుంది, దానికి సిద్ధపడాలి. తెలుగు దానంతట అది రాదు. ఆ భారం మీ ఇద్దరిదీ. యానిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు బెల్జియంలో 1,899 కుటుంబాలను పరిశీలించి 2007లో ప్రచురించారు. ఊళ్లో మాట్లాడే భాష కాక ఇంట్లో ఇంకో భాష ఉన్నా, దాదాపు నాలుగో వంతు మంది పిల్లలు దాన్ని మాట్లాడటం లేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో తమ భాషనే వదలకుండా మాట్లాడిన చోట మాత్రం ఇంచుమించు పిల్లలంతా మాట్లాడారు. మీరిద్దరూ తెలుగువాళ్లే కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం. మీవారు ఇంగ్లీషు ముచ్చట కాస్త పక్కన పెట్టి వాడితో తెలుగులో ఆడితే చాలు. ఇంగ్లీషు రేపు బడి ఎలాగూ తెచ్చిపెడుతుంది.

టైమ్ ఎక్కడుందంటారా? వేరే టైమ్ అక్కర్లేదు. పొద్దున్నే చొక్కా తొడిగేటప్పుడు చూడండి. మామూలుగా మనం హడావిడిగా 'చెయ్యి పెట్టు, త్వరగా' అంటాం. దాని బదులు, 'చెయ్యి ఏదీ? లోపలికి దూరిందా? ఎక్కడుందబ్బా... అదిగో అదిగో వస్తోంది... వచ్చేసింది!' అనండి. అని ఆగండి. ఆ ఆగడం ముఖ్యం. వాడు నవ్వుతాడు, రెండో చెయ్యి తనే దాచిపెడతాడు, మర్నాటికో నాలుగో రోజుకో 'చెయ్యి ఏదీ' అని మీకంటే ముందు వాడే అంటాడు. ఆ అర నిమిషంలో వాడికి ఒక ప్రశ్న, ఒక క్రియ, ఒక విభక్తి అందాయి. లాల పోసేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, దీపం ఆర్పి బజ్జోబెట్టేటప్పుడు ఇలాగే. మీ బాబు ఎప్పుడైనా 'నీళ్లు' అన్నా 'నీలు' అనే అంటాడని కంగారుపడ్డారు. రెండేళ్లకు ళ స్పష్టంగా పలికే పిల్లలు అరుదు. హిందీలో ళ లేదు కాబట్టి ఆయమ్మ నోట అది వినపడదు. వాడికి ఆ ళ ఇవ్వగలిగింది మీరే.

అన్నట్టు, అత్తగారికి వీడియో కాల్‌లో మనవడితో రోజూ పది నిమిషాలు మాట్లాడే అలవాటు చేయండి. అది టీవీ లాంటిది కాదు. వాడు చూపిస్తే ఆవిడ చూస్తారు, వాడు ఊ అంటే ఆవిడ అందుకుంటారు. 24 నుంచి 30 నెలల పిల్లలు అలా ఎదురు మాట్లాడే కాల్‌లో కొత్త మాటలు నేర్చుకోగలిగారని, ముందే తీసిన వీడియోలో నేర్చుకోలేకపోయారని 2014లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. దుబాసీ అక్కర్లేని నానమ్మ అయ్యే దారి ఆవిడ చేతిలో కూడా కొంత ఉంది.

రెండో దారి, తెలుగు మాట్లాడే మనిషిని చూసుకోవడం. తెలుగు పుంజుకుంటుంది, నిజమే. హిందీ మాత్రం మాట్లాడేవాళ్లు లేకపోతే త్వరగానే చెరిగిపోతుంది. కొరియాలో పుట్టి మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లినవాళ్లను పెద్దయ్యాక పరీక్షిస్తే, కొరియన్ విన్నా గుర్తుపట్టలేకపోయారని 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉంది. పసితనంలో వచ్చిన భాష అంత తేలిగ్గా పోతుంది. భాష సంగతి పక్కన పెట్టినా, వాడికి ఏడో నెల నుంచీ తెలిసిన ఒడి ఒక్కసారిగా మాయమవుతుంది. ఆ దిగులుతో కొన్ని వారాలు మాట ఇంకా తగ్గొచ్చు. పైగా కొత్తగా వచ్చే మనిషికి తెలుగు రావడం వేరు, పిల్లవాడితో మాట్లాడే తత్వం ఉండటం వేరు. ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టే తెలుగావిడ కన్నా, పిట్టను చూపించి కబుర్లు చెప్పే హిందీ ఆవిడే మీ బాబుకు మేలు. అయినా మార్చాలనుకుంటే రాత్రికి రాత్రి మార్చకండి. రెండు మూడు వారాలు ఇద్దరూ కలిసి ఉండేలా చూడండి.

ఉద్యోగం మానేయడం గురించి ఎక్కువ చెప్పను. మీకు ఇంట్లో ఉండాలని ఉంటే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే, అది మీ ఇష్టం. వాడి భాష కోసమే అయితే అంత అవసరం కనిపించడం లేదు. అమెరికాలో 1991 నుంచి వెయ్యి మందికి పైగా పిల్లలను పుట్టినప్పటినుంచీ గమనిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది ఇదే: పగలు చూసుకునే మనిషి ఎంత బాగా మాట్లాడితే పిల్లల భాష అంత మెరుగు, కానీ అంతకన్నా ఎక్కువ ప్రభావం ఇంటిదే, బయట ఎన్ని గంటలు గడిపినా సరే. అంటే మీ సాయంత్రాలు వాడికి చిన్నవి కావు.

మీవారు అడిగిన ఇంగ్లీషు గురించి ఒక్క మాట. మనిషి ఏ భాషలో నవ్వగలదో, బుజ్జగించగలదో, అబద్ధపు కోపం నటించగలదో ఆ భాషలోనే పిల్లలతో మాట్లాడనివ్వాలి. పుట్టుభాషగా మాట్లాడేవాళ్ల నోట ఎంత ఎక్కువ వింటే ఆ భాషలో అంత పట్టు వస్తుందని సిల్వియా ప్లేస్, ఎరికా హాఫ్ 2011లో రెండేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో చూశారు. ఆయమ్మ నేర్పే నాలుగు ఇంగ్లీషు ముక్కల కోసం ఆవిడ దగ్గరున్న నిండు భాషను వదులుకోవడం వాడికి నష్టం.

ఇక ఆ గ్లాసు సంగతి. ఇంకెప్పుడూ నీళ్లు ఆపకండమ్మా. వాడు 'పానీ' అన్నప్పుడు వెంటనే అందించండి, అందిస్తూ 'నీళ్లు కావాలా? ఇవిగో నీళ్లు. చల్లగా ఉన్నాయా?' అనండి. తిరిగి అనమని అడగకండి. వాడు అన్నదాన్ని మీ భాషలో వాడికే తిరిగి వినిపించండి, అంతే. అడిగితే దొరకదని తెలిసిన పిల్లవాడు అడగడం మానేసి వేలు చూపిస్తాడు.

ఆ రాత్రి వాడు ఆయమ్మను పిలిచింది ఆ మాట అర్థమయ్యే మనిషి కోసం. మీ మీద ప్రేమ తగ్గి కాదు. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు, పరాయి ఆడవాళ్ల గొంతు కన్నా తల్లి గొంతు వినడానికే ఎక్కువ ప్రయత్నించారని 1980లోనే ప్రయోగం చేసి చూశారు. మీ గొంతు వాడికి అందరికన్నా ముందు తెలుసు.

రేపు పొద్దున మీరు బయల్దేరే ముందు ఒక పది నిమిషాలు ఆయమ్మతో కూర్చోండి. మేం చెప్పింది పొరపాటని, వాడితో ఇదివరకటిలాగే తన భాషలో మాట్లాడమని ఆవిడకు చెప్పండి. మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, లేకపోతే ఆవిడ నమ్మదు. టీవీ కట్టేయమనండి. ఇంకొకటి అడగండి: సాయంత్రం మీరు రాగానే, ఇవాళ బాబు ఏం చూశాడో, ఏమన్నాడో రెండు ముక్కలు చెప్పమని. 'పిల్లి వచ్చింది, బిల్లీ బిల్లీ అని వెంటపడ్డాడు' అని ఆవిడ చెప్తుంది. మీరు వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, 'పిల్లి వచ్చిందటగా మనింటికి? ఎక్కడ కూర్చుంది? గోడ మీదా?' అని అడగండి. వాడు 'బిల్లీ' అంటాడు, చెయ్యెత్తి గోడ చూపిస్తాడు. 'అవునా, పిల్లి గోడెక్కిందా! తర్వాత ఏం చేసింది?' అనండి, వాడు చెప్పేదాకా ఆగండి.